తొమ్మిదడుగుల దిబ్బ

మా నాన్న పోయిన నలభయ్యో రోజు ప్రార్థన ముగిసి, వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళిపోతుండగా మా అమ్మ నన్ను పక్కకు పిలిచింది. దసరా సెలవుల్లో తనను కెంపుగుడ్డకు తీసుకుపోవాలని అడిగింది. అడిగింది అనడం సరికాదు. చెప్పింది.

"జీపు మాట్లాడు జయరాజూ. బుచ్చన్నను గూడ రమ్మన్న."

కెంపుగుడ్డ కర్ణాటకలో, హోస్పేట దాటాక కొండల మీద ఉన్న పాత గనుల ఊరు. తెల్లదొరల కాలంలో అక్కడ ఇనుపరాయి తవ్వడం మొదలుపెట్టారు. 1966లో మా నాన్న ఇస్రాయేలు మేస్త్రీగా, మా బిజినేపల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇరవై రెండు మందిని వెంటబెట్టుకుని అక్కడికి మట్టిపనికి పోయాడు. గని మీద ఉన్న మన్నంతా తీసి రాయిని బయటపెట్టడం వాళ్ళ పని. అమ్మ రాములమ్మ కూడా గంప మోయడానికి పోయింది. నాకు అప్పుడు ఏడేళ్ళు. అమ్మమ్మ దగ్గర ఉన్నాను. ఐదు నెలలకు వాళ్ళు తిరిగి వచ్చారు. వచ్చిన నాటి నుంచి పక్క ఊళ్ళ గుంపులవాళ్ళు మా నాన్నను దొంగదిబ్బ మేస్త్రీ అన్నారు.

మట్టిపని తెలియనివారికి ఈ మాట అర్థం కాదు. గుంత తవ్వేటప్పుడు నడుమ ఒకచోట తవ్వకుండా మట్టిని స్తంభంలా వదిలేస్తారు. దాన్ని సాక్షి దిబ్బ అంటారు. పని అయిపోయాక ఇంజనీరు వచ్చి దాని ఎత్తు కొలుస్తాడు. గుంత ఎంత లోతు తవ్వారో, ఎంత కూలి రావాలో చెప్పడానికి అదొక్కటే ఆధారం. కొలత ఒప్పుకున్న తరువాతే గుంపు దాన్ని కూలుస్తుంది. కొందరు దిబ్బ నెత్తిన మన్ను మెత్తి ఎత్తు పెంచడం ఉంది. అందుకే ఇంజనీర్లు ముందు పైకెక్కి చూస్తారు. మా నాన్న దిబ్బ మీద వేరే మన్ను దొరికింది. తొమ్మిదడుగుల దిబ్బను ఏడడుగులని రాశారు. నాన్న ఆ కాగితం మీద వేలిముద్ర వేయలేదు. దిబ్బను కూల్చలేదు. గుంపును తీసుకుని వచ్చేశాడు. ఆ తరువాత ఆయనను మేస్త్రీగా ఎవరూ పిలవలేదు. మిగిలిన జీవితమంతా ఇతరుల చేలలో కూలికి పోయాడు.

పన్నెండేళ్ళప్పుడు బడిలో ఒకడు ఆ మాట అంటే వాడితో కలబడి, చొక్కా చింపుకుని ఇంటికి వచ్చాను. నాన్న పారకు కొత్త కట్టె బిగిస్తున్నాడు.

"నాయినా, దిబ్బ మీద మన్ను పెట్టింది నిజమేనా?" అని అడిగాను.

"నిజమే. పెట్టిన," అన్నాడు. తిరిగి కట్టె బిగించుకున్నాడు.

నేను ఇంకేమీ అడగలేదు. ఇరవై మూడేళ్ళు అడగలేదు. పెద్దయ్యాక ఆయనను దవాఖానకు తీసుకుపోయాను. చివరి నెలలో రోజూ ఒళ్ళు తుడిచాను. చేయవలసినవేవీ మానలేదు. కానీ ఉపాధ్యాయుడినయ్యాక, నా తరగతిలో నిజాయితీ గురించి చెప్పవలసిన పాఠం వచ్చిన రోజు, ఆయన బడి ముందు నుంచి పోకుండా ఉంటే బాగుండునని అనుకునేవాడిని. ఆ సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

ఆ ఏడు, 1994లో, వానలు బాగా పడ్డాయి. మా జీపు బీచుపల్లి వంతెన దాటేసరికి కృష్ణ నిండుగా, మన్ను రంగులో పారుతున్నది. డ్రైవర్ గోవర్ధన్‌ది గద్వాల. వాళ్ళ ఇంట్లో అందరూ చీరలు నేస్తారు.

"నువ్వెందుకు నెయ్యవు?" అని అడిగింది అమ్మ.

"మగ్గం గుంతల కాళ్ళు పెట్టి కూసుంటే నాకు నిద్రొస్తది అవ్వా. మా నాయిన చూసి చూసి, నువ్వు నేసిన చీర కట్టుకున్నామె గూడ నిద్రపోతది, ఫో అన్నడు."

"జీపు నడుపంగ రాదు కద నిద్ర?"

"వస్తే మీరున్నరు కద లేపనీకి."

వెనుక సీట్లో బుచ్చన్న కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నాన్న గుంపులో పార పట్టినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆయన ఒక్కడే. "అప్పుడు గీ తొవ్వంట లారీల నిలబడి పోయినం," అన్నాడు. "రాయచూరు వచ్చేదాక కూసోనీకి జాగ లేకుండె. ఇప్పుడు చూడు, దొర లెక్క పోతున్న."

"దొరా, జర కాలు తియ్యి. నా సంచి తొక్కుతున్నవ్," అన్నది అమ్మ.

గద్వాల, రాయచూరు, మాన్వి. నల్ల చేలలో పత్తి పూతమీద ఉంది. సింధనూరు దాటాక తుంగభద్ర కాలువ నీళ్ళు వచ్చాయి, వాటితో పాటు కనుచూపు మేర వరి. ఆ పచ్చదనం మధ్యలో బండరాళ్ళ గుట్టలు, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టు. బుచ్చన్న ఒక్కొక్క గుట్టను చూసి పాత సంగతులు చెప్పాడు. ఇక్కడ లారీ ఆగింది, ఇక్కడ గుంపులోని హన్మమ్మకు జ్వరం వచ్చింది. అమ్మ కిటికీలో నుంచి చూస్తూ కూర్చుంది. ఆ రాత్రి హోస్పేటలో ఒక సత్రంలో పడుకుని, తెల్లవారి కొండ ఎక్కాం.

ఘాటు రోడ్డు ఎర్రగా ఉంది. మలుపు మలుపుకూ కింద తుంగభద్ర జలాశయం కొంచెం కొంచెంగా చిన్నదవుతూ కనిపించింది. చెట్ల ఆకులు కూడా ఒక పక్క ఎరుపు తిరిగి ఉన్నాయి. గోవర్ధన్ రెండుసార్లు జీపు ఆపి దిగి చూశాడు. అంత అందమైన చోటు నేను అంతకు ముందు చూడలేదు. నాన్న కూడా దీన్ని చూసి ఉంటాడు కదా, ఒక్కసారి కూడా చెప్పలేదేమని అనుకున్నాను.

గనులు మూతపడి ఎనిమిదేళ్ళయిందట. పెంకుల బంగళాలకు సున్నం వేసి, కంచెలకు కాగితాల పూల తీగలు పాకించి, ఊరినంతా చూడవచ్చేవాళ్ళ కోసం సిద్ధం చేశారు. ఆగిపోయిన గడియారం, చిన్న చర్చి, రాయిని కిందికి దించడానికి తీగల మీద వేలాడే ఇనుప తొట్లు. గేటు దగ్గర టికెట్లు తీసుకున్నాం. బసప్ప అనే గైడు మా వెంట వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. బళ్ళారి వైపువాడు, తెలుగు బాగా వచ్చు. దొరల బంగళా చూపించాడు, తొట్లు చూపించాడు. అమ్మ ఏదీ చూడలేదు.

"గుంతలు ఎక్కడ నాయినా?" అని మూడుసార్లు అడిగింది.

చివరకు అక్కడికి తీసుకుపోయాడు. కొండ వాలులో విశాలమైన గుంత. గోడలు నిలువుగా ఉన్నాయి. గుంత నడుమ, చుట్టూ ఇనుప కంచెతో, ఒక మట్టి దిబ్బ నిలబడి ఉంది. నెత్తిన గడ్డి మొలిచింది. కంచెకు ఒక బోర్డు.

"ఉన్నది," అన్నది అమ్మ. ఆ ఒక్క మాటే.

బసప్ప బోర్డు పక్కన నిలబడి, రోజూ చెప్పే పాఠం తెలుగులో చెప్పాడు. "ఇది అందరూ అడిగి చూసేది. కళ్ళ కంబ. అంటే దొంగ స్తంభం. మీ తట్టు కూలోళ్ళ పనే. పైన రెండడుగులు మన్ను మెత్తి మోసం చేయాలని చూసినారు. ఇంజనీరు పైకెక్కితే ఎర్రమట్టి మీద నల్లమట్టి. పట్టేసినాడు. మిగతా గుంపులు చూసి బుద్ధి తెచ్చుకోవాలని దీన్ని ఇట్లే ఉంచినారు."

గోవర్ధన్‌కు ఏమీ తెలియదు, నవ్వాడు. నేను అమ్మ భుజం పట్టుకుని, "పోదాం పా," అన్నాను.

అమ్మ కదలలేదు. బసప్పను అడిగింది. "నల్లమన్ను ఎంతుండె?"

"రెండడుగులమ్మా. బోర్డులో ఉంది."

"నువ్వు చూసినవా?"

"నేనప్పటికి పుట్టనే లేదు."

"నేను చూసిన. పిడికెడు." అమ్మ కుడి చేయి ముడిచి అతని ముందు పెట్టింది. "గింత. గీ చెయ్యే."

బసప్ప నా వైపు చూశాడు. గోవర్ధన్ నవ్వు ఆపేశాడు.

"మా తాన గుంపు ఊరు దాటేటప్పుడు ఊరి మన్ను చెంగున కట్టుకొని పోతం," అన్నది అమ్మ. "పని మొదలువెట్టిన దినం దిబ్బ వదిలే జాగల పోస్తం. పోయినోళ్ళందరు తిరిగి రావాలె అని మొక్కుతం. మా అమ్మ గట్లనే చేసె. మాకు చేను లేకుండె. ఎవరి చేన్లదో తీసుకున్న. మా దిక్కు మన్ను నలుపు, గీడ ఎరుపు. గంతే."

"మరి మీ మేస్త్రీ తానే మెత్తినానని ఒప్పుకున్నాడంట కదా."

అమ్మ కంచె దగ్గరికి జరిగింది.

"పోసినోళ్ళెవ్వరో చెప్పుమన్నరు. వాళ్ళను ఠాణాకు తోల్కపోతమన్నరు. నేను నోరు తెరుస్తుంటె నా కాలు తొక్కిండు. నేనే పెట్టిన అన్నడు." ఆమె బుచ్చన్న వైపు తిరిగింది. "బుచ్చన్నా, గుంపంత ఐదు నెల్లు చేసిన కష్టం నా పిడికెడు మంటికి పాయె. ఇరవై ఎనిమిదేండ్లు నీ మొఖం చూసి చెప్పలేకపోయిన. ఇయ్యాల నిన్ను తోల్కొచ్చింది గందుకే."

బుచ్చన్న బీడీ తీశాడు, వెలిగించలేదు.

"మాకు తెల్వదా వదినా? నువ్వు చెంగు ఇప్పంగ ఇరవై రెండు మందిమి చుట్టు నిలబడి మొక్కలేదా? మేస్త్రీ నేనే పెట్టిన అన్నడు. అయితే మేస్త్రీయే పెట్టిండు. ఎవ్వరడిగినా మేం గదే చెప్పినం."

"మల్ల ఊర్లల్ల దొంగదిబ్బ అంటుంటె?"

"మేమన్నమా? మమ్ముల గూడ అన్నరు. దొంగదిబ్బ గుంపు అని నాకు పిల్లనియ్యనీకి మా మామ రెండేండ్లు ఎనకముందాడె."

అంటే ఇది నాకొక్కడికే తెలియదు. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"ఆయన ఎవ్వరికి చెప్పొద్దన్నడు. చిన్న పోరనివి, నీకెట్ల చెప్పాలె. పెద్దగైనంక మల్లొకపారి అడుగుతవేమో అని చూసిండు. నువ్వు అడగలె."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే తేలికగా ఉండేది.

నేను వాళ్ళ నుంచి కొంచెం దూరంగా నడిచాను. మా అమ్మ మాట నాకు చాలు. కానీ బోర్డు చదివేవాళ్ళకు చాలదు. పిల్లలకు లెక్క చెప్పినప్పుడు, జవాబు నాకు తెలిసినంత మాత్రాన వాళ్ళు ఒప్పుకోరు. నేను ఆ అలవాటుతోనే చూశాను. గుంత గోడ దిబ్బకు ముప్పై అడుగుల దూరంలో ఉంది. గోడలో పైన జానెడు గోధుమరంగు మన్ను, దాని కింద బెత్తెడు వెడల్పున తెల్లటి సుద్ద చార, ఆ కింద అంతా ఎరుపు. ఇరవై ఎనిమిది వానలు కడిగి ఆ చారను గీత గీసినంత స్పష్టంగా బయటపెట్టాయి. తల తిప్పి దిబ్బను చూశాను. పైన జానెడు గోధుమరంగు, దాని కింద బెత్తెడు తెల్లటి చార, పైనుంచి అంతే లోతున. ఎవరైనా రెండడుగులు మెత్తి ఉంటే ఆ చార దిబ్బ నెత్తి నుంచి ఇంకో రెండడుగులు కిందికి ఉండాలి. ఉన్న మన్నంతా నేల పుట్టినప్పటిది. కొండను ఎవరూ మెత్తలేరు.

ఆ ఇంజనీరు దీన్ని చూడలేదని నేను అనుకోను.

ధారవాడ నుంచి ఒక కాలేజీ బస్సు వచ్చింది. నలభై మంది విద్యార్థులు నవ్వుకుంటూ గుంతలోకి దిగారు. బసప్ప మమ్మల్ని పక్కకు జరగమని చేయి చూపి, కన్నడలో మొదలుపెట్టాడు. కళ్ళ కంబ అనగానే ముందు వరసవాళ్ళు నవ్వారు.

"గీ పిల్లలకు తెలుగు వస్తదా?" అన్నది అమ్మ.

"రాదు."

"నీకు కన్నడం వస్తది కద. చెప్పు."

కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో, కర్ణాటక సరిహద్దు ఊరి బడిలో నాలుగేళ్ళు పనిచేశాను. కన్నడ వచ్చు. కానీ నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. పరాయి రాష్ట్రం, పరాయి చోటు, వాళ్ళ గైడు, వాళ్ళ బోర్డు. అనుమతి లేని చోట నేను ఎప్పుడూ నోరు తెరవలేదు. బడిలో హెడ్‌మాస్టరు తప్పుగా తేదీ రాసినా చిట్టీ మీద రాసి పంపేవాడిని. నాన్న విషయంలో కూడా అంతే చేశాను. చిట్టీ కూడా రాయలేదు.

బసప్ప చెప్పడం ముగించేదాకా ఆగాను. తరువాత కంచె దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఒక్క నిమిషం," అన్నాను కన్నడలో. "ఇప్పుడు మీరు విన్నది ఒక పక్క. రెండో పక్క చెప్పే మనిషి ఇక్కడే ఉంది. ఈమె రాములమ్మ. ఆ నల్లమన్ను పోసింది ఈమె."

బసప్ప నా మోచేయి పట్టుకున్నాడు. "సార్, నాకు రాసిచ్చింది నేను చెప్పాలి. నా కడుపు కొట్టద్దు."

"మీరు చెప్పండి. మీరు చెప్పాక నేను చెప్తాను."

అమ్మ తెలుగులో చెప్పింది, నేను కన్నడలో చెప్పాను. ఆమె పిడికిలి చూపించినప్పుడు నేను అనువదించవలసిన అవసరం రాలేదు. తరువాత పిల్లలను గోడ వైపు తిరగమన్నాను. తెల్ల చారను చూపించి, ఇది పైనుంచి ఎంత కింద ఉందో చూడమన్నాను. ఇప్పుడు దిబ్బ వైపు తిరగమన్నాను. ఆ తరువాత ఏమీ చెప్పలేదు. తరగతిలో కూడా నేను అక్కడే ఆగుతాను.

కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి మళ్ళీ గోడ వైపు తిరిగింది, మళ్ళీ దిబ్బ వైపు తిరిగింది.

"అయితే బోర్డు సుళ్ళా?" అని అడిగింది. అబద్ధమా అని.

నేను మాటలు ఆచితూచి వాడే మనిషిని. ఆ ప్రశ్నకు చెప్పగల జాగ్రత్త జవాబులు నాకు నాలుగైదు తెలుసు.

"అవును," అన్నాను. "బోర్డు అబద్ధం. ఈ దిబ్బ తొమ్మిదడుగులు. తవ్విన గుంపుకు మేస్త్రీ ఇస్రాయేలు. నేను ఆయన కొడుకుని."

వెనుక ఎవరో, కూలివాళ్ళు అలాగే అంటారులే అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నోటు పుస్తకం తీసి చారలు గీసుకుంది. అందరూ నమ్మారని నేను చెప్పను. అందరూ రెండు పక్కలా చూశారు.

కబురు పోయినట్టుంది. ఆఫీసు నుంచి తెల్లచొక్కా ఆయన ఒకరు వచ్చారు. ఇక్కడ ఉపన్యాసాలు ఇవ్వడానికి పర్మిషన్ ఉందా అని అడిగారు. లేదన్నాను. అయితే వెళ్ళిపొమ్మన్నారు.

"ఏమంటుండు?" అన్నది అమ్మ.

"పొమ్మంటున్నడు."

అమ్మ కొంగు సర్దుకుని, గుంత గోడ నీడలో నేల మీద కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. "టికెట్టు మీద ఏం రాసున్నదో సదువు."

చదివాను. ప్రవేశం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు.

"ఐదు కాలేదు కద," అన్నది.

నేను ఆ మాట ఆయనకు కన్నడలో చెప్పాను. పొరపాటున కూడా గొంతు పెంచలేదు. బుచ్చన్న పోయి అమ్మ పక్కన కూర్చున్నాడు. గోవర్ధన్ జీపు తాళాలు జేబులో వేసుకుని, ఎవరూ చెప్పకుండానే వాళ్ళ పక్కన చేరాడు. తెల్లచొక్కా ఆయన మా పేర్లూ ఊరూ అడిగి రాసుకున్నారు. నాన్న పేరు కూడా రాసుకోమన్నాను. బోర్డు సంగతి పైవాళ్ళకు రాతపూర్వకంగా పెట్టుకోమన్నారు. పెట్టుకుంటానని, జవాబు వచ్చేదాకా ఏటా దసరాకు వస్తానని చెప్పాను. బసప్పతో ఏదో అని ఆయన వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం లోపల ఇంకో రెండు గుంపులు వచ్చాయి. బసప్ప చెప్పాడు, తరువాత నేను చెప్పాను. రెండోసారికి అతను రెండడుగులు అనలేదు, కొంత మన్ను అన్నాడు. మూడోసారి తన పాఠం త్వరగా ముగించి, చాయ్ తాగి వస్తానని చెప్పి పోయాడు.

నాలుగు గంటలకు గోవర్ధన్ ఎండ చూసి అన్నాడు. "సార్, ఇప్పుడు దిగకుంటే ఘాటు మీద చీకటైతది."

నేను అమ్మ వైపు చూశాను. పైన రోడ్డు మీద ఇంజను మోత వినిపించింది.

"ఇంకో బస్సు వస్తున్నది," అన్నది అమ్మ. "ఉండు."

నేను లేచి, బట్టలకు అంటిన మన్ను దులపకుండానే, కంచె దగ్గరికి నడిచాను.